కింది వైపు మనిషి

మెట్ల మలుపులో బీరువా బాబాయ్ నడుం కలుక్కుమంది.

వయసులో ఉండగా ఇనప బీరువాని ఒక్కడే వీపున మోశాడని ఆ పేరు. ఇళ్ళ సామాన్లు మార్చే ఆ కంపెనీలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పిలిస్తే ఆయనే పలకడేమో.

చేతుల్లో ఎవరిదో డ్రెస్సింగ్ టేబుల్. పై వైపు బాబాయ్, కింది వైపు ఈమధ్యే చేరిన కొత్తతను.

"బాబాయ్, ఆగు. బరువు నా మీదకి వదిలెయ్."

"నాకేం కాలేదు."

"కాలేదులే. వదిలెయ్."

కొత్తతను భుజం ఆనించి కాచుకున్నాడు. మెట్ల మీద బరువంతా కింది వైపు మనిషి మీదే పడుతుంది. అందుకే అక్కడ వంతులేసుకుంటారు. ఇతను మాత్రం ఎన్నడూ వంతు అడగలేదు.

కిందికి దిగాక, వ్యాన్‌లో సామాన్లకి చుట్టే దుప్పట్ల చాటున, సంచిలోంచి నీలం రంగు టేపు చుట్ట తీశాడు.

"చొక్కా ఎత్తి ముందుకి వంగు."

"ఎందుకు? పార్సిల్ చేస్తావా?"

"అవును, పిన్నికి పంపిస్తా. వంగు."

మూలలు గుండ్రంగా కత్తిరించి, వెన్నుకి అటొకటి ఇటొకటి అతికించి, జిగురు పట్టేదాకా అరచేత్తో రుద్దాడు.

"ఇది మందు కాదు బాబాయ్, ఊతం. అడ్డదిడ్డంగా వంగావనుకో, చర్మం లాగి గుర్తుచేస్తుంది. డాక్టరుకి కూడా చూపించుకో."

"నీకివన్నీ ఎలా తెలుసు?"

"మా నాన్నదీ మోతపనే. నొప్పి దాచిపెట్టాడు. ఇప్పుడు మంచం మీద పక్కకి తిరగాలన్నా నేనుండాలి. ఆస్పత్రిలో ఒకావిడ చూపిస్తే నేర్చుకున్నా. అప్పటికే ఆలస్యమైంది."

బాబాయ్‌దీ దాపరికమే. నడుం పోయినవాణ్ణి సూపర్‌వైజర్ మర్నాడు వ్యాన్ ఎక్కనివ్వడు. కూతురి నర్సింగ్ చదువు చూస్తే ఇంకా సగంలోనే ఉంది.

"ఎవరితోనూ అనకు."

"నేనెందుకంటాను?"

ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ కొత్తతన్ని పక్కకి పిలిచి గుసగుసలాడటం బాబాయ్ కంటపడింది. మర్నాడూ అంతే. ఆపైన రోజూ అదే తంతు.

చాడీలు మోస్తున్నాడన్నమాట. తన సంగతి ఇంకా చెప్పలేదంటే, అదను కోసం చూస్తున్నాడు.

కొత్తతను మాత్రం పాత టేపు ఊడొచ్చినప్పుడల్లా కొత్తది అతికించాడు. మెట్లొస్తే చాలు, చెప్పకుండానే కింది వైపుకి వెళ్ళాడు. బాబాయ్ అతనికి వీపు అప్పగించాడు గానీ నమ్మకం అప్పగించలేదు.

ఒకరోజు పొద్దున్నే, దుప్పట్లు దులుపుతుంటే టేపు వెనక నుంచి ఒలిచిన, నడుం బొమ్మ అచ్చేసి ఉన్న కాగితం సూపర్‌వైజర్ కాళ్ళ దగ్గర పడింది.

"ఏంటిది? ఎవడికి నడుం పోయింది?"

ఆయన చూపు తిన్నగా బాబాయ్ మీదికి వచ్చింది.

బాబాయ్ చేతిలోని దుప్పటిని ముందుకి అడ్డం పెట్టుకున్నాడు. "నన్నెందుకు చూస్తారు సార్? టేపు అతని సంచిలో ఉంటుంది. తీయించండి."

అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అందుకే ఆ మాట నోట్లోంచి రాగానే ఆయనకి తనమీద తనకే అసహ్యం వేసింది.

సంచిలోంచి టేపు చుట్ట బయటపడింది. సూపర్‌వైజర్ నమ్మలేనట్టు కొత్తతని వైపు తిరిగాడు. "నీదా?"

కొత్తతను బాబాయ్ వంక ఒక్కసారి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది.

"నాదే సార్. నా నడుమే బాగోలేదు."

"మరి ఆ సంగతి ముందే చెప్పొద్దూ? ఇన్నాళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేశావా? పో, ఇక రానక్కర్లేదు."

బాబాయ్ మాట్లాడాలనుకున్నాడు. అన్ని బీరువాలు ఎత్తినవాడు ఒక్క మాట ఎత్తలేకపోయాడు.

కొత్తతను చెప్పులేసుకుంటూ, పక్కనే ఉన్న బాబాయ్ టిఫిన్ సంచిలోకి టేపు చుట్ట జారవిడిచాడు.

"మూలలు గుండ్రంగా కత్తిరించమను పిన్నిని," అన్నాడు మెల్లగా. "లేకపోతే చొక్కాకి రాసుకుని ఊడిపోతుంది."

సంచి భుజాన వేసుకుని వీధి మలుపు తిరిగిపోయాడు.

వ్యాన్ బయల్దేరింది. చొక్కా కింద, నిన్న అతను అతికించిన టేపు నడుముని పట్టుకునే ఉంది. బాబాయ్ తల మాత్రం పైకి లేవలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు ఏదో జోకేసుకుని నవ్వుకుంటుంటే, తనని చూసే నవ్వుతున్నారనిపించింది.

ముందు సీట్లోంచి సూపర్‌వైజర్ వెనక్కి తిరిగాడు.

"బతికిపోయావు బాబాయ్. నీ నడుం మీద నాకు ఎప్పట్నుంచో అనుమానం. నిన్ను మాన్పించి నీ చోట్లో పెట్టుకుందామనే వాణ్ణి తెచ్చా. రోజూ సాయంత్రం పిలిచి అడిగేవాణ్ణి, ముసలాయన పని అయిపోయినట్టేనా అని. అయిపోయిందని ఒక్క మాట అనుంటే ఆ రోజే వాడి ఉద్యోగం ఖాయం."

బాబాయ్ తలెత్తాడు.

"ఏమనేవాడు?"

"ఏమంటాడు? 'నా వైపు బరువు కూడా ఆయనే మోస్తున్నాడు సార్, ఆయనుండగా ఇక నేనెందుకు' అనేవాడు."