డెబ్భై మూడో నంబరు బూట్లు

"తుఫానొచ్చినా సరే, శిఖరం తాకకుండా నేను వెనక్కి దిగిందే లేదు" అని పక్కవాడికి చెబుతూ ఎర్ర జాకెట్టు అతను బల్ల మీది బూట్లు అందుకున్నాడు.

"ఆ మడమ దగ్గర ఓసారి చూసుకో నాయనా" అంది పక్కనే చేతికర్ర పట్టుకుని నిలబడ్డ ముసలావిడ. "కొండ మధ్యలో విరిగితే మోసుకొచ్చే దిక్కుండదు."

అతను బూటు తిప్పి చూశాడు. మొహం చిట్లించి, అక్కడే పడేసి పోయాడు.

కాస్త దూరంగా నిలబడి చూస్తున్న రొమానకి ఒళ్లు మండింది. అరగంటలో ఆవిడ చెడగొట్టిన బేరాల్లో ఇది మూడోది. సంత ముగిసేవేళకి ఎలాగూ ధరలు దిగుతాయి. అందాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా కాపలా కాస్తోందన్నమాట. ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో ఏటా అక్టోబరులో జరిగే ఈ పాత స్కీ సామాన్ల సంతలో ఇలాంటి జిత్తులమారులు బోలెడుమంది.

కానీ ఆ బూట్లు రొమానకి కావాలి. శనివారం కొండ రక్షక దళంలో చేరడానికి పరీక్ష. స్కీలతో మంచుకొండ ఎక్కి దిగాలి. సొంత బూట్లు లేనివాళ్ల పేరు కొట్టేస్తారు. నిరుడు ఆమె పేరు అలాగే కొట్టేశారు. బేకరీ జీతంలో ఈసారి మిగిలింది నూట ఇరవై యూరోలు. హాలంతా గాలిస్తే చవగ్గా దొరికేవన్నీ లిఫ్టులో పైకెళ్లి జారేవాళ్ల బూట్లే, ఒక్కోటి ఇనప గుండంత బరువు. ఎక్కడానికి పనికొచ్చే తేలికపాటివి, తన కొలతవి, ఈ ఒక్క జతే. చీటీ మీద డెబ్భై మూడో నంబరు, ధర నూట ఎనభై.

"ఇవి మీకు కావాలా పెద్దమ్మా?"

"వదులుకోవాలని లేదు" అంది ఆవిడ.

"ఈ కర్రతో కొండెక్కుతారా?" నోరు జారింది రొమాన.

ఆవిడ నవ్వేసింది. "నోరైతే ఉంది. పాదం సంగతి చూద్దాం. లోపలి మెత్త తీసేసి పాదం పెట్టు. మడమ వెనక వేలు పడుతోందా?"

"ఒకటిన్నర పడుతోంది."

"సరిపోతాయి. ఇప్పుడు మెత్తతో వేసుకో. ఎడమదానికి ముందు పై కొక్కెం పెట్టు. కిందిదానితో మొదలుపెడితే మొండికేస్తుంది."

ఈవిడ పొద్దుట్నుంచి ఎన్నిసార్లు తొడిగి చూసుకుందో అనుకుంది రొమాన. మడమ దగ్గర వేలితో తడిమింది. "ఇది పగులు కాదు, ఉత్త గీత!"

"పగులని నేనన్నానా?"

రొమాన బూట్ల వెనకున్న మీట నడకవైపు తిప్పి, మెట్లెక్కి దిగింది. మడమ ఎక్కడా రాసుకోలేదు. ప్రాణం లేచొచ్చింది.

"పొగమంచు దిగిందనుకో" అంది ఆవిడ. "శిఖరం ఇంకో వంద అడుగులే. ఏం చేస్తావు?"

"వెనక్కి తిరుగుతా."

"అందరూ నవ్వితే?"

"నవ్వనీ. నిరుడు శీతాకాలం ఓసారి ఎరువు బూట్లతో కొండెక్కబోయి అలాగే తిరిగొచ్చా. వారం రోజులు బేకరీకొచ్చి మరీ నవ్వారు. రొట్టెలు కూడా కొనుక్కుపోయారు, అదొక్కటే లాభం."

 ఆవిడ మొహం తిప్పుకుని, "పో, డబ్బు కట్టే బల్ల దగ్గర ఎగన్‌తో బేరమాడు" అంది.

అక్కడ, సామాన్లు అమ్మకానికి పెట్టినవాళ్లు పసుపు చీటీలు చూపించి తమ డబ్బు తీసుకుంటున్నారు. రొమాన బూట్లు ముందు పెట్టింది. "నూట ఇరవై. ఒట్టు, అంతకంటే లేవు."

"ధర తగ్గించడం నా చేతుల్లో లేదమ్మాయ్..." అంటూ తలెత్తిన ఎగన్, ఆమె భుజం మీదుగా ఎటో చూసి గొంతు సవరించుకున్నాడు. "సరే, తీసుకుపో."

గంతులేస్తూ బయటికొచ్చింది. వీధి మలుపు దాటాక సంతోషం సగమైంది. పాపం, ముసలావిడ అంతసేపు కాచుకుని కూర్చుంటే తను ఎగరేసుకొచ్చేసింది. చాలా జాలేసింది. ఆవిడకి ఇంకో జత వెతికిపెడదామని మళ్లీ హాల్లోకి నడిచింది.

ముసలావిడ బల్ల దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. ఎగన్ ఆవిడ భుజం తడుతున్నాడు.

"పెద్దమ్మా..." అంటూ దగ్గరికెళ్లి ఆగిపోయింది రొమాన.

ఆవిడ చేతిలోని పసుపు చీటీ మీద డెబ్భై మూడు అని ఉంది.