గద్దె దిగిన కంప్యూటరు

"ఏయ్ అవ్వా, గద్దె ముట్టుకోవద్దు."

నల్లప్ప కేకకు ముసలామె చేయి వెనక్కి తీసుకుంది. మెడ తిప్పలేదు. ఒళ్ళంతా తిప్పి అతని వైపు చూసింది.

"చూస్తాండానప్పా, అంతే."

వై.ఎన్.హొసకోటలో శెనక్కాయల మండీ పక్కన రైతుసంఘం పెట్టిన కంప్యూటర్ సెంటర్ అది. వానలు మొహం చాటేసి కాయలు పండకపోయినా, కంప్యూటరున్న ఊరు మాదని సంఘం పెద్ద నల్లప్ప మీసం దువ్వుకునేవాడు.

బెంగుళూరు నుంచి హొన్నూరమ్మ అనే ఆమె పేరు మీద వ్యానులో వచ్చిందా పెట్టె. ఒకరి పేరు మీద దానం వచ్చిందంటే ఆ మనిషి కాలం చేసినట్టేనని నల్లప్ప నమ్మకం. అందుకే వాకిలి పైన ఆమె పేరుతో బోర్డు కట్టించి, రోజూ దండ వేసి ఊదుబత్తి వెలిగించేవాడు.

ఇక కంప్యూటరంటే సరస్వతి. సరస్వతి మనకంటే కింద ఉండకూడదు. రొమ్మెత్తు సిమెంటు గద్దె కట్టించి, కుంకుమ పెట్టి, దాన్ని పైన కూర్చోబెట్టాడు. ముందర ఒక పొట్టి స్టూలు.

ఆ స్టూలు మీద కూర్చుని, మెడ పైకెత్తి, చేతులు పైకి చాచి టైపు కొట్టేది కాటయ్య కూతురు గంగాదేవి.

సోమవారం తుమకూరులో పరీక్ష. గెలిస్తే ఉద్యోగం. ఆ పక్క ఊళ్ళలో ఏ ఆడపిల్లా అంతదూరం రాలేదు. కానీ వారంగా ఆమె కుడిచేయి భుజం దాటి లేవడం లేదు. చేయి పడిపోతే కాయలు ఒలిచే పనికి కూడా పనికిరావు, రేపటి నుంచి మానెయ్యమని కాటయ్య తేల్చేశాడు.

"యాడ నొస్తాది పాపా?" ముసలామె అడిగింది.

"మెడ, భుజాలు. మణికట్టు గూడా."

"దీన్ని దించితే పోతాది."

నల్లప్పకు చిర్రెత్తుకొచ్చింది. "సరస్వతిని దించమంటావా?"

"చదువుకునే పిల్ల మెడ పట్టేస్తే ఆయమ్మకు మాత్రం బాగుంటాదా నాయనా?"

"ఒక్క దినం చూస్తాము మామా," అంది గంగాదేవి.

గొణుక్కుంటూనే కంప్యూటరును బల్ల మీదికి మార్చాడు నల్లప్ప. ఆఫీసు కుర్చీ తెచ్చాడు. కాళ్ళు నేలకు అందకపోతే కింద పొట్టు మూట పెట్టించింది ముసలామె. నడుము వెనక గోనెసంచి మడిచి పెట్టింది.

"తెర పై అంచు కంటికి నేరుగా ఉండాల. మోచేతులు పక్కటెముకల కాడ. భుజాలు వదిలెయ్. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు తిరుగు."

గంగాదేవి వేళ్ళు పరుగెత్తాయి. ముసలామె కళ్ళు చెమర్చాయి.

"మా పిల్ల," అంది.

"నీ పిల్ల ఎప్పుడైనాదమ్మా? దారి చూసుకో. బస్సు పోతాది," అని కసిరాడు నల్లప్ప.

ఆమె వాకిలి బయట ఆగి, నడుము వెనక్కి వంచి బోర్డు వైపు చూసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

పరీక్షలో గంగాదేవి ఫస్టు వచ్చింది.

నల్లప్ప మండీ అంతా బూందీ పంచాడు. కనబడిన వాళ్ళందరికీ "మా పిల్ల" అని చెప్పుకున్నాడు.

"ఆ అవ్వకు చెప్పాల మామా," అంది గంగాదేవి.

బస్టాండులో విచారించారు. ఆమె ఎవరో ఎవరికీ తెలియలేదు. గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించానే అని నల్లప్ప బాధపడ్డాడు.

ఆ వారమే వ్యాను వచ్చి ఆగింది. కంప్యూటరు తెచ్చిన డ్రైవరు లింగప్పే. ఎత్తు పెంచుకునే, తగ్గించుకునే కొత్త కుర్చీ ఒకటి దించాడు.

"మా అమ్మ పంపినాది. గోనెసంచి ఆనించుకొని కూచునే పిల్లకు ఇయ్యమన్నాది. నిడుగల్లులో పుట్టిన మనిషి గదా, ఈ పక్క పిల్ల ఎంత బాగా కొడతాందో అని వీధంతా చెప్పుకుంటాండాది."

"ఏ అమ్మప్పా?" అడిగాడు నల్లప్ప.

"కంప్యూటరు ఇచ్చినామె. జన్మంతా టైపు కొట్టి మెడ పట్టేసినాది పాపం. మొన్న తనే వచ్చి చూసి పోయినాది గదా." లింగప్ప వాకిలి వైపు చూశాడు. "ఆ పేరుకు దండెందుకేసినారు?"

గంగాదేవి పాత పొట్టి స్టూలు తెచ్చి వాకిట్లో వేసింది.

నల్లప్ప దాని మీదికెక్కి, తాను కసిరి పంపిన హొన్నూరమ్మ పేరు మీద నుంచి దండ తీసేశాడు.