కట్టకు అడ్డం

పెన్న కరకట్టకు ఆదెయ్య బొటనవేలు అడ్డం పడింది.

ఊళ్లో ఎవరిని కదిలించినా ఇదే మాట. నిజానికి కట్ట మంజూరైంది తొంభై రెండులో. ఫైలు ఆత్మకూరు నుంచి నెల్లూరు పోయింది, నెల్లూరు నుంచి హైదరాబాదు పోయింది, ఏదో సంతకం తక్కువైందని మళ్లీ వెనక్కి వచ్చింది. నాలుగేళ్లు అది ఏ బీరువాలో నిద్రపోయిందని అడిగిన నాథుడు లేడు. చివరికి పైనుంచి ఒక రూలు దిగింది. కట్ట యానాదుల పాలెం పక్కగా పోతుంది కాబట్టి వాళ్ల పెద్ద ఒప్పుకోవాలట. వాళ్ల పెద్ద ఆదెయ్య. వేలిముద్ర వెయ్యనన్నాడు.

దాంతో నాలుగేళ్ల పాపమూ ఆదెయ్య మెడకే చుట్టుకుంది.

ఆయన్ని ఒప్పించడానికి స్కూలు వరండాలో సభ పెట్టారు. ఇంజనీరు మర్యాదస్తుడు. ఆదెయ్యకు కుర్చీ వేయించాడు. ఆదెయ్య ఆ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఏం పెద్దాయనా, కట్టంటే నీకెందుకు కోపం?"

"కోపమేంది సామీ. నీళ్లు యాడికో ఒక చోటికి పోవాల గదా. ఇప్పుడైతే చేలల్లో పరుచుకోని పోతాయి."

ఇంజనీరు నవ్వాడు. వరండా అంతా నవ్వింది. చేలున్నవాళ్లు మాత్రం నవ్వలేదు.

"నీళ్ల సంగతి మేం చూసుకుంటాంలే" అని ఇంజనీరు జీపెక్కాడు.

ఆ కార్తీకంలో పెన్న పొంగింది. వేసిన నాట్లన్నీ కొట్టుకుపోయాయి. సర్పంచి పెంచలనరసయ్య ఇంట్లోకి మొలలోతు నీళ్లు జొరబడితే, ఆయన ముసలి తల్లిని భుజాన వేసుకుని స్కూలు మేడ మీదికి చేర్చింది ఆదెయ్యే. నీళ్లు తీశాక సర్పంచి పాలేనికి వచ్చాడు.

"మాయమ్మను కాపాడినావు, కాదన్ను. నువ్వు ఏలు ఏసుంటే అసలు ఆ నీళ్లే వచ్చుండవు గదరా."

ఉపకారానికి బదులు అదీ. ఆదెయ్య తల వంచుకున్నాడు.

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పాలెంవాళ్లను పనులకు పిలవడం మానేశారు, అంతే. చెరువులో వల వెయ్యనివ్వలేదు. సిద్ధయ్య అంగట్లో అప్పు పుట్టలేదు. ఆదెయ్య కొడుకు తిరుపాలుకు మాత్రం, కట్ట పని మొదలైతే మేస్త్రీ ఉద్యోగం ఇస్తామని కబురొచ్చింది. నయానా భయానా అంటారే, ఆ రెండూ ఒకేసారి.

ఆదివారాలు పాలెంలో ప్రార్థన చేయించే హెన్రీ అయ్యవారు కూడా వచ్చాడు.

"పదిమందికీ మేలు జరిగేదాన్ని ఆపకూడదు ఆదెయ్యా. అది పాపం" అన్నాడు. ఆయన కాపురం ఊళ్లో.

ఆ సాయంత్రం పొయ్యి వెలగలేదు. శీనమ్మ వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది.

"ఏసెయ్యి. కట్టొచ్చినాక సంగతి అప్పుడు సూసుకుందాం. ఇయ్యాల పిలకాయలు తినాల."

 మర్నాడు ఆదెయ్య వెళ్లి వేలిముద్ర వేశాడు. సిరా తుడుచుకోవడానికి ఇంజనీరు తన చేతిరుమాలే ఇచ్చాడు. మర్యాదస్తుడని చెప్పాగా.

పని మొదలైంది. పాలెం పాలెమంతా మట్టి తట్టలు మోసింది. ఆదెయ్య కూడా మోశాడు. కూలి చేతికొచ్చింది, పొయ్యి వెలిగింది, సిద్ధయ్య మళ్లీ పలకరించాడు. ముసలాడికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందని ఊరు సంతోషించింది.

కట్ట మీద టెంకాయ కొట్టిన రోజు సర్పంచి మొదటి దండ ఆదెయ్య మెడలోనే వేశాడు. "ఇంక ఏటికి భయపడే పన్లేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దండ మెడలో ఉండగానే ఆదెయ్య ఇంటికి బయల్దేరాడు.

కట్టకు ఇవతల ఊరూ చేలూ ఉన్నాయి. ఆదెయ్య దిగింది అవతలికి, కట్టకూ పెన్నకూ నడుమ మిగిలిపోయిన తన పాలెంలోకి.