తనే వదిలేసింది

ఆకుపచ్చ ట్రక్కు మళ్ళీ వచ్చి ఎదురింటి ముందు ఆగింది.

పక్కింటి విల్మా వాకిట్లో రాలిన ఆకులు పోగు చేస్తున్న లోర్నా చేతిలో చీపురు ఆగిపోయింది.

"చూశావా? నిన్న నువ్వు లేనప్పుడు కూడా వచ్చి నీ ఇంటి వైపే చూసిపోయాడు," మెట్ల మీద కూర్చున్న విల్మా గొంతు తగ్గించింది. "నిరుద్యోగ భృతి తీసుకునేవాళ్ళు చాటుగా పనులు చేసుకుంటున్నారేమోనని గవర్నమెంటు మనుషుల్ని పెడుతుందట."

"నీ వాకిలి బాగుచేయడం కూడా పనేనా?"

"నేను పైసా ఇవ్వనని నీకు తెలుసు, నాకు తెలుసు. వాడికేం తెలుసు?"

లోర్నా చేతిలోది అక్కడే పడేసి ఇంట్లోకి పరుగెత్తింది.

భయపడక ఏం చేస్తుంది? ఒహాయోలోని ఆ చిన్న ఊరికంతటికీ ఉన్నది ఒక్క ఫ్రిజ్జుల ఫ్యాక్టరీ. పోయిన నెల సూపర్‌వైజర్ ఆమెను గేటు దగ్గరే ఆపి, "ఇంటికి పో, కబురు చేస్తాం," అన్నాడు. ఆ కబురు ఇప్పటికీ రాలేదు. భృతికి అర్జీ పెట్టుకుంటే మాత్రం, ఫ్యాక్టరీ వాళ్ళు గవర్నమెంటుకు ఒక్క మాట రాసి పడేశారు. తనే వదిలేసింది.

వాళ్ళు తీసేస్తే భృతి వస్తుంది. తనే వదిలేస్తే రాదు.

అది తేల్చడానికి సోమవారం ఫోన్‌లో విచారణ; అప్పటిదాకా భృతి ఇస్తున్నారు. ఓడిపోతే వారంవారం వచ్చేది ఆగిపోవడమే కాదు, ఇప్పటిదాకా తిన్నది కూడా కక్కాలి. ముందు చలికాలం ఉంది. ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ఆ భృతి తప్ప మరో దారి లేదు.

తలుపు చప్పుడైంది.

లోర్నా తలుపు దగ్గరికి వచ్చి ఆగింది.

"లోర్నాగారి ఇల్లేనా?" మగగొంతు. "ఫ్యాక్టరీ నుంచి వచ్చాను. సోమవారం విచారణ గురించి ఆవిడతో ఒక మాట చెప్పాలి."

ఫ్యాక్టరీ నుంచా! గవర్నమెంటు మనిషైనా కాస్త నయం. బెదిరించడానికే పంపారని ఆమెకు నిశ్చయమైపోయింది.

తలుపు తీయకుండానే, గొంతు మార్చి అంది.

"ఆమె లేదు."

"ఎప్పుడొస్తారమ్మా?"

"ఇంక రాదు. ఫ్లోరిడాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది."

"మరి కేసు?"

"వదిలేసింది."

ఏ మాట అనకూడదో ఆ మాటే తన నోటి నుంచి వచ్చింది. లోర్నా నాలుక కరుచుకుంది.



"సరేనమ్మా," అన్నాడు. "చెల్లెలి దగ్గర చల్లగా ఉంటే అంతే చాలు."

అది కూడా ఆమెకు వెటకారంలాగే వినిపించింది.

ట్రక్కు వెళ్ళిపోగానే విల్మా వచ్చి పడీ పడీ నవ్వింది. "భలే పంపించావే!"

లోర్నాకు నవ్వు రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం లోర్నా, విల్మా వాళ్ళ వంటింట్లో కూర్చుని, ఆ వారం భృతి క్లెయిముకి ఫోన్ చేసింది.

"ఈ వారం మీరు పని చేయగలిగే స్థితిలో ఉన్నారా?" రికార్డు చేసిన గొంతు అడిగింది.

అవునని ఒకటి నొక్కింది.

"పనికి అందుబాటులో ఉన్నారా?"

వేలు ఆగిపోయింది.

"నొక్కవే!" అంది విల్మా.

"ఫ్లోరిడా వెళ్ళానని వాడితో చెప్పాను కదా! వాడు అదే రాసి పంపితే? ఊళ్ళో లేనిదాన్ని అందుబాటులో ఉన్నానంటే దొంగ క్లెయిము అయిపోదూ?"

"నువ్వు తాగుతున్నది నా కాఫీ! ఫ్లోరిడా ఎప్పుడు వెళ్ళావే?"

లోర్నా కళ్ళు మూసుకుని నొక్కింది.

సోమవారం పొద్దున విచారణకు ఇంకా అరగంట ఉంది.

"ఆ రోజు నిన్ను వెనక్కి పంపడం ఎవరూ చూడలేదా?" విల్మా అడిగింది.

"గేటు కాపలా మనిషి చూసుంటాడు. నల్లద్దాల గదిలో కూర్చుంటాడు. మొహం కూడా ఎరగను."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేమే, మొద్దూ?"

"ఫ్యాక్టరీకి ఫోన్ చేయాలంటేనే కాళ్ళూ చేతులూ ఆడలేదు."

విల్మా తనే నంబరు నొక్కి ఫోన్ చేతిలో పెట్టింది.

"గేటు," అంది ఓ కొత్త గొంతు.

"పోయిన నెల అక్కడ కాపలా ఉన్నాయన కావాలి."

"ఎమ్మెట్ గారా? ఆయన్ను తీసేశారు మేడమ్. నిన్న టెన్నెసీలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు."

"ఫోన్ నంబరుందా?"

"ఫోన్ పెట్టుకునే మనిషి కాదు."

"ఎందుకు తీసేశారు?"

అవతలి మనిషి గొంతు తగ్గించాడు.

"ఎవరో ఒకావిడను గేటు దగ్గర్నుంచి పంపేయడం కళ్ళారా చూశాననీ, విచారణలో చెప్పి తీరతాననీ అన్నందుకే మేడమ్, పాపం, ఉద్యోగం పోయాక కూడా సాక్ష్యం చెప్పే వెళ్తానని ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు, తీరా చూస్తే ఆవిడే కేసు వదిలేసి ఫ్లోరిడా వెళ్ళిపోయిందట."