చెప్పండి, వింటున్నాను

"పేరు చివర్ల ఎఫ్ ఉన్న ప్రాసెసర్ తీసుకుంటే ఏమైతది? ధర తక్కువున్నది గదా?"

కవిత మెసేజ్ పంపి ఫోన్ మంచం మీద పెట్టిందో లేదో జవాబు వచ్చేసింది.

"ఆ ప్రాసెసర్ నందు అంతర్గత గ్రాఫిక్స్ సౌకర్యము లేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొననిచో తెరపై ఏ దృశ్యమూ కనిపించదు. దయచేసి తొందరపడవద్దు."

కవితకు నవ్వొచ్చింది. కొత్తగూడెంలోని ఆ కంప్యూటర్ షాపు నంబరుకు మొదటిసారి మెసేజ్ పెట్టిన రోజే ఆమెకు అర్థమైపోయింది, అవతల ఉన్నది మిషన్ అని. "నమస్కారము. మా దుకాణమునకు స్వాగతము" అని ఈ కాలంలో ఏ మనిషి రాస్తాడు? పైగా ఎప్పుడడిగినా ఠక్కున జవాబు. అడిగిందే అడిగినా విసుగు లేదు. ములకలపల్లి దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరినప్పటి నుంచి ఆమెతో ఇంత ఓపికగా మాట్లాడిన ప్రాణి మరొకటి లేదు. రక్తపరీక్షకు వచ్చేవాళ్లు చెయ్యి చాపి మొహం అటు తిప్పుకుంటారు. గది ఓనరమ్మ కిరాయి కోసం తప్ప పలకరించదు. పొద్దు గుంకితే కిటికీలోంచి అడవి తప్ప చూడ్డానికేమీ ఉండదు.

అందుకే ఆదివారాలంటే ఆమెకు ప్రాణం. హాస్టల్లో ఒకే గదిలో ఉన్న నలుగురూ ఉద్యోగాల పేరుతో తలో ఊరికి చెదిరిపోయాక, ఆదివారం సాయంత్రం ఆన్‌లైన్‌లో కలిసి ఆడుకునేవాళ్లు. నలుగురు ఆడే ఆట. ఆట ఒక వంక మాత్రమే, అసలు సంగతి కబుర్లు. మొన్నటి వానలకు కవిత పాత ల్యాప్‌టాప్ చచ్చి ఊరుకుంది. అప్పటి నుంచి ఆమె ఆదివారాలు కూడా సోమవారాల్లాగే గడుస్తున్నాయి. తన జాగా పోకముందే గేమింగ్ కంప్యూటర్ ఒకటి తయారు చేయించుకోవాలి. చేతిలో డబ్బులు చూస్తే అంతంత మాత్రం.

"నాలుగు కోర్లది చాలదా మరి?"

"ఆటకు చాలును. కానీ మీరు ఆడుచూ మిత్రులతో మాట్లాడెదరు కదా. ఆరు కోర్లు ఉన్నచో రెండు పనులు ఒకేసారి జరుగును, మాట తెగదు. చివర జి అక్షరము ఉన్నది తీసుకొనండి. గ్రాఫిక్స్ దానిలోనే ఉండును. కార్డు తరువాత, వీలైనప్పుడు."

ఆట మధ్యలో కబుర్లు చెప్పుకుంటామని ఆమె ఎప్పుడో మాటవరసకు రాసింది. అదీ గుర్తుపెట్టుకుంది. మిషన్ కదా, ఎందుకు మరిచిపోతుందిలే అనుకుంది.

ఆరు కోర్లదే ఖాయం చేసి, అడ్వాన్స్ పంపి, ఆ సంతోషంలో ఉషారాణికి ఫోన్ చేసింది.

"ఉషా, వచ్చే ఆదివారం నేనొస్తున్ననే!"

అవతల ఉషారాణి గొంతు తగ్గించింది.

"అయ్యో, నీకు చెప్పుడే మర్చిపోయిన. నీ జాగల మా ఆఫీసామె ఆడుతుందే. అందరికి మంచిగ కలిసింది. ఏమనుకోకు, ఎవరన్న రాకపోతే నిన్నే పిలుస్తం."

"గట్లనా... మంచిదే గదా."

ఫోన్ పెట్టేశాక కవితకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఏడ్చింది. ఎవరికి చెప్పుకోవాలి? తండాలో ఉన్న అమ్మకు చెబితే, ఆట కోసం ఏడుస్తారా అంటుంది. ఓనరమ్మ చెవిన వేస్తే తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది. చివరికి షాపు నంబరే తెరిచింది.

"ఆర్డర్ క్యాన్సిల్ చెయ్యి. నా జాగలకు వేరేటోళ్లు వచ్చిండ్రు. గీడ నాకు ఎవ్వరు లేరు. మనిషికైతే చెప్పను, నువ్వు మిషన్‌వి గాబట్టి చెప్తున్న."

ఈసారి జవాబు ఠక్కున రాలేదు. సిగ్నల్ పోయిందేమోనని కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. చాలాసేపటికి వచ్చింది.

"చెప్పండి, వింటున్నాను."

ఆమె చెప్పింది. పుట్టినరోజుకు బ్యాంకు నుంచి తప్ప ఎవరి నుంచీ మెసేజ్ రాలేదని చెప్పింది. సెలవొస్తే రెండు రోజులు నోరు విప్పే పనే లేకుండా గడిచిపోతుందని చెప్పింది. వంట చేసుకుంటూ తనతో తనే మాట్లాడుకుంటోందని కూడా, సిగ్గుపడకుండా, చెప్పేసింది. అన్నీ అయ్యాక అటునుంచి జవాబు వచ్చింది.

"రద్దు చేయవద్దు. ఇరువురు మాత్రమే ఆడు ఆటలు కూడా కలవు."

"రెండో మనిషి యాడికెల్లి వస్తడు? నువ్వొస్తవా?"

దానికి మాత్రం జవాబు లేదు. పిచ్చి మిషన్, ప్రాసెసర్ల సంగతి తప్ప దానికేం తెలుసు అనుకుంటూ కళ్లు తుడుచుకుంది. కానీ ఆర్డర్ రద్దు చేయలేదు.

శనివారం బస్సెక్కి కొత్తగూడెం వెళ్లింది. షాపు కౌంటర్‌లో ఉన్న సకీనా నవ్వుతూ కుర్చీ చూపించింది.

"ములకలపల్లి ఆర్డరే గదా? కూసోమ్మా. మా తమ్ముడు మతీన్ బిగిస్తుండు, అయిపోవచ్చింది."

వెనక బల్ల దగ్గర ఒకతను వీపు ఇటు పెట్టి స్క్రూలు బిగిస్తున్నాడు. తల తిప్పి చూడనైనా లేదు.

"వాడు గంతే," అంది సకీనా. "ఉర్దూ మీడియంల చదివిండు, వానికొచ్చింది పుస్తకాల తెలుగే, మాట్లాడాల్నంటే సిగ్గు."

కవిత కుర్చీలో కూర్చుంది. పలకరించని మనుషులు ఆమెకు కొత్తేమీ కాదు. ఇంతలో తెర వెలిగింది. నీలిరంగు వెలుతురు బల్లంతా పరుచుకుంది. ఆ మాత్రానికే ఆమె మనసు తేలికపడింది. బాకీ ఉన్న డబ్బు కట్టి, లేచింది.

"అక్కా, మీ మిషన్‌కు థాంక్స్ చెప్పాలె. అది లేకుంటే నేను ఇంత దూరం రాకనే పోదును."

"ఏ మిషనమ్మా?"

"గదే అక్కా, మీ నంబరుకు మెసేజ్ పెడితే జవాబులిస్తది చూడు."

సకీనా కవితను ఎగాదిగా చూసింది. తర్వాత మెల్లగా వెనక బల్ల వైపు తిరిగింది.

"ఏరా మతీన్, నువ్వెప్పుడు మిషన్‌వైనవ్?"