తేలిగ్గా దొర్లే టైర్లు

పెట్రోలు బంకులు మూతపడి పన్నెండేళ్లయింది. జెమిలి తన తండ్రి నడిపిన పాత జీపుకి మోటారు, బ్యాటరీ పెట్టించుకుంది. భర్త బొంజుబాబుకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఆమే అతన్ని ఘాట్ రోడ్డు దించి, కింద ఆసుపత్రిలో డయాలసిస్ చేయించి తీసుకురావాలి. బండికి ఇంత అని కొలిచి ఇచ్చే చార్జింగు తిరిగి కొండెక్కేటప్పుడు అయిపోయేది.

టైర్ల కొట్టు అప్పలస్వామి రెండు రకాలు చూపించాడు.

“ఇయి తేలిగ్గా దొర్లుతాయమ్మా. ఉన్న చార్జింగుతోనే ఇంటికొచ్చీగలవు. వానొస్తే మాత్రం ఘాట్లో పట్టుండదు.”

“మరి ఆ పట్టున్నవో?”

“అయ్యేస్తే సగం దారిలో ఆగిపోతావు.”

“రెండూ ఉన్నవి లేవా మావా?”

“పాత బళ్లకి అలాటివి ఎవుడు సేత్తాడమ్మా?”

జెమిలి తేలిగ్గా దొర్లేవే వేయించుకుంది. నెలరోజులు ఏ ఇబ్బందీ లేకుండా తిరిగింది.

ఒక ఉదయం ఆసుపత్రికి దిగుతుంటే మూడో మలుపు దగ్గర వాన అందుకుంది. జీపు జారిపోయి రోడ్డు పక్క పిట్టగోడను ఆనుకుని ఆగింది. వెనక్కి తీయబోతే చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. కింద గోనెసంచులు వేసింది, కొమ్మలు విరిచి వేసింది. బండి కదల్లేదు. ఎగిరే అంబులెన్సుకి ఫోన్ చేస్తే, వాన తగ్గాకే పంపుతామని యంత్రం మర్యాదగా చెప్పింది.

తడిసిన బట్టలతోనే వెనక సీట్లోకి వెళ్లి, భర్త వాచిపోయిన పాదాలను ఒళ్లోకి తీసుకుంది. అతను ఆయాసపడుతూ, కళ్లు తెరవకుండానే అడిగాడు.

“వాన తగ్గిందేటే?”

ఎదురుగా రోడ్డంతా ఎర్రటి నీళ్లు ఏరులా పారుతున్నాయి.

“తగ్గతంది,” అంది జెమిలి.