వెడల్పాటి గార్డు

సరోజన ఆ బండి సామాన్ల దుకాణం మెట్లెక్కేసరికి కాళ్లు పీకుతున్నాయి. హన్మకొండ చౌరస్తాలో ఇది మూడో దుకాణం. మొదటి రెండింట్లో ఆమె అడిగింది విని నవ్వారు. ఇక్కడా నవ్వితే నవ్వనీ అనుకుంది.

"తమ్మీ, స్పోర్ట్స్ బండికి గార్డు కావాలె. అన్నిట్ల వెడల్పుది."

దుకాణం యజమాని ఉపేందర్ నవ్వలేదు. నవ్వే ఓపిక అతనికీ లేనట్టుంది.

"బండి ఎవలదక్కా?"

"మా కొడుకుది."

"పడ్డడా?"

"రెండుసార్లు."

రెండోసారి భరత్ పడింది రఘునాథపల్లి దగ్గర, హైవే మీద. దోస్తులతో పందెం వేసుకుని పోతూ పడ్డాడు. కుడిచేయి విరిగింది. ఇంకో జానెడు పక్కకు పడి ఉంటే లారీ కిందే పోయేవాడని చూసినవాళ్లు చెప్పారు. దవాఖానలో ఆ మాట విన్ననాటి నుంచి సరోజనకు కంటి నిండా నిద్ర లేదు. మూడోసారి పడితే కొడుకు దక్కడని ఆమె భయం. రేపు వాడి చేతికట్టు విప్పుతారు. వాడేమో ఇప్పటి నుంచే దోస్తులకు ఫోన్లు కొడుతున్నాడు.

చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పెట్టింది. బండి తాళం దాస్తే వాడు ఇంకోటి చేయించుకొచ్చాడు. అమ్మేద్దామంటే బండి వాడి పేరు మీదే ఉంది. తండ్రి రాజలింగు తిట్టినన్ని రోజులు తిట్టి, ఆ పని కూడా పెళ్లానికే ఒప్పజెప్పి మగ్గం ముందు కూర్చున్నాడు.

చివరికి సరోజన కొడుకును ఒక్కటే అడిగింది. గార్డు పెట్టించాకే బండెక్కమంది. భరత్ మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. తల్లి ఇంత తేలిగ్గా దిగొస్తుందని వాడు కలలో కూడా అనుకోలేదు.

ఉపేందర్ అద్దాల బీరువా తెరిచి, నల్లటి గుబ్బల్లాంటివి నాలుగు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవి స్లైడర్లక్కా. స్పోర్ట్స్ బండికి ఇవే కరెక్ట్. బండి కింద పడ్డా ఇంజన్‌కు దెబ్బ తాకది. లుక్కు గూడ కరాబ్ కాదు."

"మరి మనిషికి?"

ఉపేందర్ తలెత్తి ఆమెను చూశాడు.

"మనిషికి హెల్మెటు, నిమ్మళంగ నడుపుడు. గంతే అక్కా. గివన్ని బండిని కాపాడేటియే."

"అయితే ఇవి వద్దు. ఇనుపది చూపియ్యి."

అతను బండి ముందు అడ్డంగా బిగించే ఇనుప గార్డు ఒకటి తెచ్చాడు. సరోజన కొంగుముడి విప్పి ఒక దారం తీసింది. జంపఖానాలు నేసే లావుపాటి నూలుదారం. రెండు కొసలకూ ముడులున్నాయి. దాన్ని గార్డు మీద అడ్డంగా పరిచింది. దారమే పొడుగ్గా ఉంది.

"ఇది సాలది తమ్మీ."

ఇంకోటి తెచ్చాడు. అది దారంతో సమానంగా వచ్చింది.

"ఇది గూడ సాలది."

ఉపేందర్ నిట్టూర్చి, అటక మీద దుమ్ము పట్టి ఉన్న పెద్ద గార్డు దించాడు.

"ఇది పెద్ద బండ్లదక్కా. వేరే క్లాంపులు వేసి ఎక్కియ్యాలె. మీ పిలగాని బండికి పెడితే ఎడ్లబండి లెక్క కనవడ్తది. నన్నే తిడ్తడు."

సరోజన దారం పరిచింది. దారం అయిపోయింది. ఆపైన ఇంకా నాలుగు వేళ్ల ఇనుము మిగిలింది. ఇంట్లోంచి బయల్దేరాక మొదటిసారి ఆమె ముఖం తేటపడింది.

"గిదే ఇయ్యి."

"గింత వెడల్పు ఎందుకక్కా?"

"నా భయం గంత ఉన్నది తమ్మీ."

ఉపేందర్ గుడ్డ తీసుకుని గార్డు మీది దుమ్ము తుడిచాడు.

"ఇది ఊడదీస్తే వస్తదా?" అని అడిగింది సరోజన.

"బోల్టులు ఇప్పితే వస్తది."

"ఎవలికి ఇప్పరాకుండ చెయ్యరాదు?"

"దొంగలు ఇప్పకుండ వేరే బోల్టులున్నయి. మామూలు పానాతోని తిరగయి. వాటి చావి వేరే ఉంటది."

"అవే వెయ్యి. చావి నాకియ్యి. పని మా ఇంటికాడనే చెయ్యాలె, బండి ఇక్కడికి తెచ్చెటోళ్లు లేరు."

కొత్తవాడలో సరోజన ఇంటి దగ్గర ఆటో దిగి, ఉపేందర్ గార్డును నిలువుగా పట్టుకుని సందులోంచి సరోజన వెనకే నడిచాడు. వాకిట్లో బండి మీద పాత జంపఖానా కప్పి ఉంది. గార్డును చూడగానే భరత్ ముఖం ముడుచుకున్నాడు.

"గిదేందమ్మా? దోస్తులు నవ్వుతరే."

"నవ్వనీ బిడ్డా. నా కోసం ఉండనీ."

ఆమె గొంతులోని అలసట విని భరత్ ఊరుకున్నాడు. గార్డు ఎలా ఉంటేనేం, బండెక్కితే చాలని వాడికి తెలుసు. ఉపేందర్ క్లాంపులు వేసి, బోల్టులు బిగించి, చావి ఆమె చేతిలో పెట్టాడు.

"జర పైలం అక్కా. పోగొట్టుకుంటే మళ్ల దొరకది."

అతను వెళ్లిపోయాడు. భరత్ ఎడమచేత్తో బండి ట్యాంకు తుడుస్తూ, ఎల్లుండి పొద్దున్నే వస్తానని ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు. ఆ గొంతులో సంబరం సరోజన చెవిన పడింది. కొడుకు సంతోషం చూసి బాధపడే రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మెల్లగా లేచి సందు మొదటికి వచ్చింది. చావిని పక్కనే ఉన్న మోరీ నీళ్లలో పడేసింది.

తర్వాత కొంగుముడిలోని దారం తీసి, ఇంట్లోంచి రోడ్డు మీదికి పోయే ఆ ఒక్క సందుకు అడ్డంగా ఈ గోడ నుంచి ఆ గోడకు పట్టి చూసింది. నిన్న కొలిచినట్టే, ముడి నుంచి ముడికి సరిగ్గా సరిపోయింది. గార్డు దానికన్నా నాలుగు వేళ్లు ఎక్కువ.